లొల్లి గురించి లొల్లి లేకుండా

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం రిటైర్డ్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

సెక్రటరీ గారు ఫోన్ చేసి "శబ్ద కాలుష్యం మీద నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. ఆ మాట వినగానే నాకు స్కూల్లో వ్యాసరచన పోటీ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. స్టేషన్‌కి ఫోన్ చేసి "సార్, మా వీధిలో శబ్ద కాలుష్యం జరుగుతోంది" అన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. "సార్, ఇక్కడ ఒకటే లొల్లి, పిల్లలు పడుకోవట్లేదు" అనేవాళ్ళు. మా దగ్గర లొల్లి అంటే చప్పుడూ అదే, కొట్లాటా అదే. ఒకే మాట. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడుందో భాషకే తెలియనప్పుడు నైట్ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి ఎక్కడ తెలుస్తుంది? నా సర్వీసులో చాలా రాత్రులు ఆ గీత వెతుక్కోవడానికే సరిపోయాయి.

ఈ ఫోన్లు ఎలా ఉంటాయో చెప్తాను. రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంట మధ్య వస్తాయి. ఎత్తగానే గొంతుని బట్టి తెలిసిపోతుంది. ఆ మనిషి అప్పటికే రెండు గంటలు ఓర్చుకుని ఉంటాడు. ఇంట్లో "చెయ్యి", "వద్దులే" అని ఒక రౌండు వాదన కూడా అయిపోయి ఉంటుంది. మేం బ్లూ కోల్ట్స్ బండిని, అంటే గస్తీ బైకుని పంపిస్తాం. ఇద్దరు కుర్ర కానిస్టేబుళ్ళు వెళ్తారు. వీళ్ళని చూడగానే అక్కడ సౌండ్ తగ్గుతుంది. "పెళ్ళి సార్, ఒక్క అరగంట, మీరూ తిని పోండి" అంటారు. వీళ్ళు తిరిగొస్తారు. బండి వీధి మలుపు తిరిగిందో లేదో సౌండ్ మళ్ళీ మొదలు. అదే మనిషి రెండోసారి ఫోన్ చేస్తాడు. మూడోసారి చేసినప్పుడు మా వైపు నుంచి ఒక మాట వస్తుంది: "ఒక్కరోజే కదమ్మా, కొంచెం సర్దుకోండి."

నేనూ అన్నాను ఆ మాట. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

మాకది ఒక్క రాత్రే. ఫోన్ చేసిన ఆవిడకి మాత్రం ఆ నెలలో అది తొమ్మిదో రాత్రి. ఇంటి వెనకే ఫంక్షన్ హాల్. పెళ్ళి చేసుకునేవాళ్ళు ప్రతిసారీ కొత్తవాళ్ళు, వాళ్ళకీ అది ఒక్క రాత్రే. డ్యూటీలో ఉన్న ఎస్సై కూడా మారుతుంటాడు. రోజూ ఉండేది ఆ హాలు, ఈవిడ, ఇద్దరే. ఈ సంగతి నాకు సర్వీసులో చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంకో సంగతి చెప్తాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది, కానీ దీని కోసమే ఇవాళ వచ్చాను అనుకోండి. అప్పుడు నేను ఎస్సైని. ఒక వీధిలో ఇంటి ముందు టెంట్ వేసి దావత్ చేస్తున్నారు. పెద్ద బాక్సులు రెండు. కంప్లైంట్ వచ్చింది, నేనే వెళ్ళాను. సౌండ్ ఆపించాను. ఆ ఇంటాయన మర్యాదగానే మాట్లాడాడు. "ఎవరు చెప్పారు సార్ మీకు?" అన్నాడు. నేను పేరు చెప్పలేదు. చెప్పకూడదని నాకు తెలుసు. కానీ నా కళ్ళు ఎదురింటి రెండో అంతస్తు బాల్కనీ వైపు పోయాయి. ఒక్క క్షణం. ఆయనా అటే చూశాడు.

వారం తిరక్కముందే ఆ ఇంట్లోవాళ్ళ స్కూటీ సీటు బ్లేడుతో కోసి ఉంది. గేటు ముందు చెత్త వేయడం మొదలైంది. ఇదంతా చాలా రోజుల తర్వాత వేరే పని మీద వెళ్ళినప్పుడు తెలిసింది. ఈలోపు ఆ వీధి నుంచి మాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. నేనేమో ఆ వీధి బాగుపడింది అనుకున్నాను! రిజిస్టర్ చూస్తే అలాగే కనిపిస్తుంది మరి.

(కొంచెంసేపు ఆగి) సరే.

ఇప్పుడు రూల్సు. ఎక్కువ లేవు, భయపడకండి. కేంద్రం 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి ఇవి. ఊరిని నాలుగు రకాల ప్రాంతాలుగా విడగొట్టారు. మనలాంటి నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఫ్యాక్టరీలుండే చోట 75, 70. హాస్పిటల్, స్కూలు, కోర్టు చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన చోట 50, 40. ప్రభుత్వం ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద ప్రాంతం, 2017లో అలా మార్చారు. పగలు అంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది. రాత్రి అంటే పది నుంచి ఆరు.

ఇవన్నీ రాసుకోనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి చాలు. పగలైతే మీరు కంప్లైంట్ ఇవ్వడానికి ఆ పరిమితి మీద ఇంకో పది డెసిబెల్స్ దాటాలి. అంటే మన కాలనీలో 65. అది కొలవాలి, కొలిచేవాడు రావాలి, వచ్చేసరికి వాళ్ళు ఆపేస్తారు. అదంతా ఒక తతంగం. రాత్రి పది దాటాక అలా కాదు. బయట, ఆరుబయలు జాగాలో లౌడ్‌స్పీకర్ మోగడమే తప్పు. ఎంత సౌండ్ అన్న ప్రశ్నే లేదు. ప్రభుత్వం పండగలకని ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆ రోజులు కాకపోతే మీటర్ అక్కర్లేదు, గడియారం చాలు. మీరు ఫోన్‌లో "సౌండ్ బాగా ఎక్కువగా ఉంది సార్" అంటే మా వాడు "ఎంత ఎక్కువ?" అని మనసులో అనుకుంటాడు. "పది దాటి నలభై నిమిషాలైంది, బయట స్పీకర్లు మోగుతున్నాయి" అనండి. ఇక వాడికి ఆలోచించుకునే పని లేదు.

2010లో ఇంకో మూడు కలిపారు. రాత్రిపూట నివాస ప్రాంతంలో హారన్ కొట్టకూడదు, చప్పుడు చేసే టపాసులు కాల్చకూడదు, చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. హారన్ సంగతి నన్ను అడగకండి. (నవ్వులు) హైదరాబాద్‌లో హారన్ ఆపడం నావల్ల కాలేదు, నా తర్వాత వచ్చినవాళ్ళ వల్లా కాలేదు.

మీటర్ అన్నాను కదా, దాని సంగతి కొంచెం చెప్తాను. ఇది ఇంజనీర్లకి తెలుసు, నాకు చాలా లేటుగా తెలిసింది. డెసిబెల్ అనేది మనం కిలోలు, లీటర్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేది కాదు. ఒక జనరేటర్ 70 చూపిస్తే, అదే జనరేటర్ ఇంకోటి పక్కన పెడితే 140 కాదు, 73. మూడు పెరిగితే శక్తి రెండింతలు. పది పెరిగితే శక్తి పదింతలు, చెవికి మాత్రం దాదాపు రెండింతలుగా అనిపిస్తుంది. అందుకే "55 ఉండాల్సింది 65 ఉంది, ఏమంత తేడా?" అని ఎవరైనా అంటే ఊరుకోకండి.

ఇంకో తిరకాసు ఉంది. రూల్లో డెసిబెల్ పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరం 'A' ఉంటుంది. మనిషి చెవి ఎలా వింటుందో మీటర్ కూడా అలా వినేట్టు చేసిన లెక్క అది. మన చెవి సన్నటి శబ్దాలని బాగా పట్టుకుంటుంది, బొంగురు శబ్దాలని తక్కువ. కాబట్టి ఆ మీటర్ బొంగురు శబ్దాలని బాగా తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గరైతే, అంటే సెకనుకి 63 సార్లు అదిరే శబ్దానికి, 26 డెసిబెల్స్ తీసేస్తుంది. డీజే బేస్ ఉంటుంది చూశారా, ఆ ధన్ ధన్, అది సరిగ్గా అక్కడే ఉంటుంది. పైగా అలాంటి శబ్దం గోడల్లోంచి దూరుకొస్తుంది. కిటికీ మూస్తే పాట ఆగిపోతుంది, దెబ్బ మాత్రం ఆగదు. మీ అలమారాలో గ్లాసులు వణుకుతుంటాయి, మీ అమ్మగారు గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు, మీటర్‌లో మాత్రం 60 దాటదు. మా కానిస్టేబుల్ "పెద్దగా ఏం లేదు సార్" అని రాసుకొస్తాడు. వాడు అబద్ధం రాయలేదు. అందుకని మీ కాగితంలో అంకెతో పాటు "పడకగది కిటికీ మూసి ఉండగా అద్దం అదురుతోంది" అని కూడా రాయండి. ఫోన్‌లో వీడియో తీస్తే పాట కంటే ఆ గ్లాసులని తీయండి.

ఫోన్‌లో సౌండ్ కొలిచే యాప్‌లు వస్తున్నాయి. వాడండి, కానీ ఆ అంకె పట్టుకుని ఎస్సైతో వాదనకి దిగకండి. ఆ ఫోన్ మైకుని ఎవరూ సరిచూసి సీలు వేయలేదు. ఇవాళ్టి కంటే నిన్న ఎక్కువా తక్కువా అని తెలుసుకోవడానికి బాగుంటుంది, అంతవరకే. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు 2011 నుంచి ఏడు మహానగరాల్లో శబ్దం కొలిచే స్టేషన్లు పెట్టారు. ఒక్కో నగరంలో పది. మన దగ్గర అబిడ్స్, తార్నాక, జూబ్లీహిల్స్, జూపార్కు, ఇలా. ఊరికి జ్వరం ఎంతుందో చెప్పడానికి అవి పనికొస్తాయి. మీ పడకగదికి పనికిరావు.

సుప్రీంకోర్టు 2005 జులై 18న ఈ విషయం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఎలా మొదలైందో చాలామందికి తెలియదు. పదమూడేళ్ళ ఆడపిల్ల మీద అత్యాచారం జరిగింది. ఆ పిల్ల కేకలు వేసింది. చుట్టుపక్కల లౌడ్‌స్పీకర్‌లో పాటలు మోగుతుండటంతో ఎవరికీ వినిపించలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. 1998 జనవరిలో పేపర్లో ఈ వార్త చదివి ఒక ఇంజనీర్ కోర్టుకి వెళ్ళాడు. అక్కడి నుంచి వచ్చింది ఆ తీర్పు. మాట్లాడే హక్కు ఉన్నట్టే వినకుండా ఉండే హక్కు కూడా ఉందని, ఇష్టం లేనివాడి చెవిలో లౌడ్‌స్పీకర్ పెట్టి వినిపించే హక్కు ఎవరికీ లేదని కోర్టు చెప్పింది. నేను స్టేషన్లో "ఒక్కరోజే కదమ్మా" అన్నప్పుడల్లా ఈ కేసు నాకు తెలియదు. తెలిసుంటే ఏమైనా మారేవాణ్ణా? ఏమో.

సరే, పనికొచ్చే మాట. రాత్రి పన్నెండింటికి చేసే ఫోన్ కంప్లైంట్ కాదండీ. అది కేక. కేక వేయాల్సిందే, 112కి చేయండి, చేయొద్దని నేనట్లేదు. కానీ కంప్లైంట్ మొదలు కావాల్సింది పగలు పదకొండింటికి, కాగితం మీద, ఇంకా చప్పుడు లేనప్పుడు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏం చప్పుడు, ఏ గదిలో వినిపించింది. తిట్లు రాయకండి. "ఆ దరిద్రులు మళ్ళీ మొదలుపెట్టారు" అని రాసిన నోట్‌బుక్ ఒకటి నాకు తెచ్చి ఇచ్చారు ఒకాయన. (నవ్వులు) టైములు మాత్రం లేవు. టైములుంటే ఆ పేజీలు తిప్పుతుంటేనే ఒక లెక్క బయటపడుతుంది. శుక్రవారాలా, ముహూర్తాలా, కరెంటు పోయినప్పుడా, తెల్లవారుజామునా.

ఫంక్షన్ హాల్ అయితే మైకు పర్మిషన్ ఎవరిచ్చారో కనుక్కోండి. లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. డీఎస్పీ ర్యాంకుకి తగ్గని అధికారి ఇవ్వాలి, మన సిటీలో అయితే ఏసీపీ. బండి మీద వచ్చే కానిస్టేబుల్ ఇచ్చిందీ కాదు, తీసేయగలిగిందీ కాదు. మీ కాగితం వెళ్ళాల్సింది ఏసీపీ ఆఫీసుకి. ఒకరి పేరు మీద కాదు, సంఘం లెటర్‌హెడ్ మీద. పది పదిహేను సంతకాలు. ఎందుకో అర్థమైంది కదా? "ఎవరు చెప్పారు సార్?" అని అడిగితే నాలాంటివాడి కళ్ళు ఎటూ పోనక్కర్లేదు. "సంఘం చెప్పింది" అంటాడు. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకుని తెచ్చుకోండి. ఆ స్టాంపు మీకు రాత్రి పన్నెండింటికి ఉపయోగపడుతుంది. "ఫలానా తేదీన ఏసీపీ గారికి ఇచ్చిన పిటిషన్ తాలూకు హాలే సార్ ఇది" అంటే ఎత్తినవాడు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుంటాడు. మా వాళ్ళ గురించి నాకు తెలుసు కదా.

జనరేటర్ అయితే సంగతి వేరు. 2005 నుంచి తయారైన వెయ్యి కేవీఏ లోపు డీజిల్ జనరేటర్లకి చప్పుడు తగ్గించే డబ్బా బిగించే అమ్మాలి. డబ్బాకి ఒక మీటరు దూరంలో 75 దాటకూడదు. చాలాచోట్ల వేడెక్కుతోందని ఆ డబ్బా తలుపులు తీసి పెడతారు. పోయి చూడండి, తలుపులు తీసుంటే మూయమనండి. కాగితమే అక్కర్లేదు.

కాగితం కంటే ముందు ఇంకో పని ఉంది. అసలు ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. నవ్వకండి. ఒక అపార్ట్‌మెంట్ కేసు చెప్తాను. రెండో అంతస్తు ఆవిడ, మూడో అంతస్తు కుర్రాడు. పైన రోజూ రాత్రి రెండింటికి, నాలుగింటికి ఏదో బరువైనది దబ్బున పడేస్తున్నారని ఆవిడ కంప్లైంట్. కుర్రాడిది అమెరికా షిఫ్టు, రాత్రంతా మెలకువే. ఇంకేం కావాలి? ఆరు నెలలు మాటల్లేవు. లిఫ్టులో కలిస్తే ఒకరు మెట్లెక్కి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ కుటుంబాల దాకా పోయింది, ఆఖరికి స్టేషన్‌కి వచ్చారు. స్టేషన్లో కాగితాలు రాసే మా రైటర్ ఒక ముసలాయన ఉండేవాడు, ఇద్దరి మాటా విని "రెండింటికీ నాలుగింటికీనా? మీ మోటారు ఆటోమేటిక్‌దా?" అని అడిగాడు. అంతే. పైన ట్యాంకులోకి నీళ్ళెక్కించే మోటారు తనంతట తాను ఆగినప్పుడు, పైపులో ఉన్న నీళ్ళు వెనక్కి దిగి వాల్వుని దబ్బుమని కొడుతున్నాయి. పైపేమో ఆవిడ పడకగది గోడని ఆనుకుని వెళ్తోంది. ప్లంబర్ ఆ వాల్వు మార్చి, పైపుకి గోడ దగ్గర రబ్బరు పెట్టాడు. చప్పుడు పోయింది. మాటలు మాత్రం కలవలేదు. ఆరు నెలల్లో ఒకరినొకరు అన్న మాటలకి వాల్వు లేదు కదా.

గోడలోంచి వచ్చే చప్పుడు ఎప్పుడూ పైవాళ్ళదే అనిపిస్తుంది. నాలుగు అంతస్తుల కింది నుంచి వచ్చినా నెత్తి మీద నుంచి వచ్చినట్టే ఉంటుంది. పోట్లాటకి వెళ్ళే ముందు ఒక రాత్రి ఇద్దరూ కలిసి వినండి. వాళ్ళింట్లో మీరు, మీ ఇంట్లో వాళ్ళు.

ఇప్పుడు నా కేసు. రిటైరయ్యాక మా పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ లేచింది. స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు. మొదటి స్లాబు రాత్రి మొదలుపెట్టి తెల్లారి నాలుగు దాకా వేశారు. మిక్సర్ లారీలు, వైబ్రేటర్, కేకలు. నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను, చేతిలో ఫోన్ ఉంది. నంబరు నాకు తెలుసు, ఎత్తేవాళ్ళు తెలుసు, రూలు నోటికొచ్చు. అయినా చేయలేదు. ఎందుకో తెలుసా? రేపు పొద్దున అదే బిల్డర్ మనుషుల ముందు నుంచి వాకింగ్‌కి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళు ఖాకీ వేసుకున్నవాడికే కాళ్ళు రాలేదు. మీకు ఎలా వస్తాయి?

పొద్దున సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. టీ తాగించాడు. స్లాబు మధ్యలో ఆపితే జాయింట్ పడుతుంది, అక్కడ నీళ్ళు కారతాయి, అందుకే ఆపలేం అన్నాడు. అది నిజమే. మరి పొద్దున్నే మొదలుపెట్టొచ్చు కదా అంటే, పగలు పెద్ద లారీలకి ట్రాఫిక్ వాళ్ళ ఆంక్షలు అన్నాడు. అందులోనూ కొంత నిజం ఉంది. అంటే ఒక డిపార్ట్‌మెంట్ రోడ్డు ఖాళీగా ఉండాలని రాత్రికి నెట్టిన పని, ఇంకో రూలు ప్రకారం రాత్రి చేయకూడదు. మధ్యలో నా నిద్ర. నేను అతన్ని రెండే అడిగాను. ఇంకా స్లాబులు ఎన్ని, ఏ తేదీలు? ఐదు. తేదీలు రాసిచ్చాడు. ఆ రాత్రుల్లో పది లోపు చప్పుడు పని ముగించేలా మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాలి అన్నాను. రెండోది, రాడ్ కటింగ్, టైల్ కటింగ్ పొద్దున ఎనిమిది తర్వాతే. ఐదింట్లో మూడు మాట ప్రకారం జరిగాయి. రెండు దాటాయి, ఒకటి పదకొండున్నరకి, ఒకటి ఒంటిగంటకి. టైల్ కటింగ్ మాట మాత్రం పూర్తిగా నిలబెట్టుకున్నాడు. స్లాబు ఆరు రాత్రులు, టైల్ కటింగ్ ఏడెనిమిది నెలలు. ఏది గెలిచానో మీరే చూసుకోండి. గెలుపంటే పోలీసోడికి ఇలాగే ఉంటుంది.

ఇక అందరూ ఎదురుచూస్తున్న విషయం. గుడి, మసీదు, చర్చి. (సభలో గుసగుసలు) రూలు లౌడ్‌స్పీకర్ గురించి, దేవుడి గురించి కాదు. ఆరు కొట్టకముందు బయటి మైకులో వచ్చే సుప్రభాతానికీ అదే, అజాన్‌కీ అదే, రాత్రి పది దాటిన ప్రార్థన కూటానికీ అదే. మద్రాసులో ఒక చర్చికీ పక్క కాలనీకీ జరిగిన కేసులో 2000లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఏ మతమూ పక్కవాడి ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని చెప్పలేదని. కాగితం మీద ఇంతే. వీధిలో ఎలాగంటే, నేను పీస్ కమిటీ మీటింగుల్లో చూసింది చెప్తాను. ఎదుటివాళ్ళ మైకు గురించి మొదలుపెట్టిన ఏ కంప్లైంటూ చప్పుడు తగ్గించలేదు, రెండు వైపులా స్పీకర్లు పెరిగాయి. మీ గుడి మైకు మీరు తగ్గించుకోండి, ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చున్నప్పుడు మీ మాటకి బరువుంటుంది. సామాను విషయం కూడా చూడండి. ముప్పై అడుగుల ఎత్తున నాలుగు దిక్కులా గొట్టం మైకులు కడితే పక్క కాలనీకి వినిపిస్తుంది, కింద కూర్చున్న భక్తుడికి గరగర తప్ప ఏం వినపడదు. గోడకి రెండు చిన్న బాక్సులు పెట్టుకుంటే మంత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఒక పూజారి గారు ఇది విని "ఇన్నాళ్ళకి నా ఉచ్చారణ జనానికి తెలిసింది" అన్నారు.

ఊరేగింపుల్లో డీజేలని మన సిటీ పోలీసులు 2024 అక్టోబర్‌లో నిషేధించారు. నేను అప్పటికి దిగిపోయాను. డప్పు, బ్యాండు మేళం, మార్ఫా ఏవీ ఎక్కడికీ పోలేదు. వాటికీ చప్పుడుంది, కాదనను. కానీ కొట్టేవాడికి చేతులు నొప్పెడతాయి. ఆంప్లిఫయర్‌కి నొప్పెట్టదు.

శిక్షలు ఏంటి అని అడుగుతారు. పాత ఐపీసీలో న్యూసెన్స్‌కి జరిమానా రెండొందలు దాటకూడదు. 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో వెయ్యి దాకా. ఒక రాత్రికి డీజేకి ఇచ్చే డబ్బుతో పోలిస్తే ఇది చిల్లర. పర్యావరణ చట్టం కింద అయితే ఇప్పుడు పది వేల నుంచి పదిహేను లక్షల దాకా పెనాల్టీ వేయొచ్చు. ఆ దారి పొడుగు. జూబ్లీహిల్స్ వాళ్ళు పబ్బుల మీద హైకోర్టుకి వెళ్ళి 2022లో రాత్రి పది తర్వాత మ్యూజిక్ ఆపించే ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాళ్ళకి ఓపికా ఉంది, లాయర్లూ ఉన్నారు. నా అనుభవంలో డీజేవాడు జరిమానాకి భయపడడు. సామాను సీజ్ చేస్తారంటే భయపడతాడు, రేపటి బుకింగ్ పోతుంది కాబట్టి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. అడగండి.

ప్రశ్న: సార్, 112కి చేస్తే మన నంబరు వాళ్ళకి తెలుస్తుందా?

డ్యూటీకి వచ్చే కానిస్టేబుల్‌కి తెలుస్తుంది. వాడే మీకు ఫోన్ చేసి "ఎక్కడ మేడం?" అని అడుగుతాడు. అప్పుడు మొదటి మాటగా "నా పేరు, నా ఇల్లు చెప్పొద్దు, నేను కిందికి రాను" అనండి. రమ్మన్నా వెళ్ళకండి. చాలామంది వీధిలోకి వచ్చి చేయి పెట్టి చూపిస్తారు. నా కళ్ళ కథ చెప్పాను కదా.

ప్రశ్న: వీధికుక్కలు రాత్రంతా మొరుగుతాయి. దానికేం చేయాలి?

ఈ ప్రశ్న రాకుండా మీటింగు పూర్తి కాదని తెలుసు. (నవ్వులు) పోలీసుల పని కాదది, మున్సిపాలిటీది. ఆపరేషన్ చేసి మళ్ళీ అక్కడే వదులుతారు. అవి ఎక్కడ మొరుగుతున్నాయో చూడండి. చాలాసార్లు ఫంక్షన్ హాల్ ఎంగిలి విస్తళ్ళు పడేసే చోటే ఉంటాయి. మళ్ళీ హాలు దగ్గరికే వచ్చాం.

ప్రశ్న (ఒక పెద్దావిడ): బాబూ, అందరూ పక్కవాళ్ళ చప్పుడు గురించి అడుగుతున్నారు. మాదే చప్పుడు. మా ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. టీవీ సౌండ్ బాగా పెడతారు. ఎవరైనా కంప్లైంట్ ఇస్తారేమోనని నాకు రోజూ టెన్షన్.

అమ్మా, ఇన్నేళ్ళలో ఈ వైపు నుంచి ఎవరూ నన్ను అడగలేదు. ముందు చెవుల డాక్టర్‌కి చూపించండి, మిషన్ పెడతారేమో. ఒప్పుకోకపోతే టీవీకి హెడ్‌ఫోన్లు వస్తాయి, వైరు లేకుండా. అదీ వద్దంటే టీవీని పక్కింటి గోడకి ఆనించకుండా ఇవతలి గోడకి మార్చండి, స్పీకరు ఆయన కుర్చీ పక్కన పెట్టండి. ఏ ఫ్లాటమ్మా మీది? మూడొందల రెండా. ఆ గోడ అవతల ఎవరుంటారు? ఇక్కడున్నారా ఇవాళ?

(వెనక వరసలోంచి ఒకాయన) నేనే సార్. మూడొందల మూడు. మాకెప్పుడూ ఇబ్బంది అవలేదు.

అవలేదా, చెప్పలేదా?

(వెనక వరసలోంచి) ...రాత్రి తొమ్మిదింటి వార్తలప్పుడు కొంచెం, సార్.

(నవ్వులు)